రెండోసారి కట్టని ఇట్టూప్

మా బస్సుల యజమాని ఇట్టూప్ ముదలాళి ఒకే పనికి రెండుసార్లు డబ్బివ్వడు. త్రిశ్శూరు చర్చిలో కానుకల పళ్ళెం పొరపాటున రెండోసారి తన ముందుకొస్తే, దాన్ని అరచేత్తో మూసి, "ఇందాకే వేశాం కదా ఫాదర్! స్వర్గానికి రెండు టోల్‌గేట్లా?" అని అడిగిన మనిషి.

అలాంటివాడు తన బెంగళూరు బస్సులకి దేశమంతా తిరిగే పర్మిట్టు కట్టాక, సరిహద్దులోని వాళయార్ చెక్‌పోస్టులో కేరళ మళ్ళీ పన్నంటూ చెయ్యి చాపితే ఊరుకుంటాడా? హైకోర్టుకెక్కాడు. ఆయన మేనేజర్ని కనక వెనకాలే నేనూ ఎక్కాను.

"వీళ్ళ బస్సులకి మా రోడ్లు అరిగిపోతున్నాయి," అన్నాడు ప్రభుత్వ వకీలు.

వెనక బెంచీలోంచి ముదలాళి లేచాడు. "మరి నా టైర్లు పెరుగుతున్నాయా సారే?"

మా వకీలు భాస్కర మేనోన్ ఆయన ముండు పంచె పట్టుకు కిందికి లాగాడు. పరువు కోసం కూర్చోక తప్పలేదు.

బయటికొచ్చాక మేనోన్ హెచ్చరించాడు. "తీర్పొచ్చేదాకా చెక్‌పోస్టులో పైసా కట్టకండి. కట్టారో, పన్ను ఒప్పుకున్నట్టే. కేసు గంగలో కలుస్తుంది."

"నేనా? కట్టడమా?" ముదలాళి పొట్ట కదిలేలా నవ్వాడు.

సరిగ్గా ఓణం నాడు పొద్దున్నే మా బస్సుని వాళయార్‌లో ఆపేశారు. ఇద్దరం జీపులో పరిగెత్తాం. ముదలాళి అధికారి మీద గొంతు చించుకుంటుంటే, బస్సు దిగి ఒక నర్సింగ్ విద్యార్థిని వచ్చింది.

"అంకుల్, మధ్యాహ్నానికి ఇరింజాలకుడ చేరతామా? నేను వెళ్ళేదాకా అమ్మమ్మ ఓణం భోజనానికి అరిటాకు ముందు కూర్చోదు. షుగరు మనిషి."

ముదలాళి అధికారిని వదిలేశాడు. ఓసారి బస్సు వైపు చూసి, నాకేసి తిరిగాడు. "కట్టెయ్."

"ముదలాళీ, మన కేసు..."

"కేసుకి షుగరు లేదురా. కట్టెయ్!"

రసీదు దగ్గర మాత్రం మళ్ళీ రగడ. "పన్ను అని రాయొద్దు. ఓణం భోజనానికి అని రాయి."

"అలాంటి గడి లేదు చేట్టా!" విసుక్కున్నాడు అధికారి.

"అయితే గీసుకో!"

తర్వాతి వాయిదాలో ప్రభుత్వ వకీలు ఆ రసీదే జెండాలా ఊపాడు. మేనోన్ తల పట్టుకున్నాడు.

జడ్జీగారు కళ్ళజోడు మీంచి చూశారు. "ఎందుకు కట్టారు?"

"అమ్మమ్మ ఆకలితో ఉంది, యువరానర్."

"ఎవరి అమ్మమ్మ?"

"అడగలేదు."

కోర్టు గొల్లుమంది. జడ్జీగారు నవ్వాపుకుని, దీన్ని ఒప్పుకోలుగా ఎంచలేమన్నారు. ఆ సొమ్ము వెనక్కిమ్మన్నారు. కేసు బతికింది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

సొమ్ము తీసుకునే కాగితం మీద సంతకానికి వెళ్తే, ముదలాళి ఉప్పేరి, అదే అరటికాయ చిప్స్, నములుతున్నాడు. ఇరింజాలకుడ నుంచి అమ్మమ్మ పంపిన డబ్బా.

"నాకిది ముట్టింది. ఒకే పనికి రెండుసార్లు తీసుకోను," అని కాగితం పక్కకి నెట్టి, డబ్బా నాకేసి జరిపాడు. ఒక గుప్పెడు తీసుకున్నాను. బాగుందని మళ్ళీ చెయ్యి పెట్టబోయాను.

అరచేత్తో డబ్బా మూసేశాడు.

"ఇందాకే తీసుకున్నావు కదరా!"