నేను తిప్పి పంపిన వ్యాసం

పాప పుట్టాక పీహెచ్‌డీ మానేశాను. శ్రీకాకుళంలో ఇంటి నుంచే సోషియాలజీ అధ్యాపకుల ఆన్‌లైన్ చర్చా బృందానికి మోడరేటర్‌గా ఉంటున్నాను. మోడరేటర్ ఒప్పుకుంటేనే అక్కడ ఏదైనా కనిపిస్తుంది. మోడరేటర్లం ఎవరమో మాత్రం సభ్యులకు తెలియదు.

ఒకరోజు నా ఎమ్మే స్నేహితురాలు గౌరి, భావనపాడులో చేపలమ్మే ఆడవాళ్ళపై తన తొలి వ్యాసం పంపింది. నేను రాయాలనుకున్న వ్యాసమది. అసూయతో "స్థాయి లేదు" అని తిప్పి పంపేశాను.

సాయంత్రం గౌరి ఫోన్ చేసి ఏడ్చింది. "ఒసే, ఇంక రీసెర్చి మానేస్తానే. అందులో తప్పేటో నువ్వైనా సెప్పవే!"

"తప్పు నాదేనే. కుళ్ళుకొని నేనే ఆపేశాను," అన్నాను.

గౌరి ఏడుపు ఆపి, "ముందు దాన్ని పెట్టు. నీ పని ఆనక సెప్తాను," అంది.

వెంటనే పెట్టాను. అందరూ మెచ్చుకుంటుంటే మళ్ళీ కడుపు మండింది. ఆ మంట ఇంకా పోలేదు. అందుకే ఇప్పుడు గౌరి ఏం పంపినా, దాని సంగతి మరో మోడరేటర్‌కే వదిలేస్తున్నాను.