కొసరు ప్రింటరు, శివారు వంతు

మూడు ఆఫీసులకు మూడు కంప్యూటర్లు కావలసివస్తే, మూడు ఊళ్ళలో మూడు కొట్లు తిరిగి, ఒకడి రేటు ఇంకొకడికి చూపించి ముగ్గురి మెడలూ వంచిన ఇంజినీరు మా కాలువల డివిజన్ మొత్తంలో నేనొక్కణ్ణే. అది 2003 వేసవి. అప్పుడే నన్ను బందరు డివిజన్ ఆఫీసులో టెక్నికల్ ఏఈఈగా, అంటే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా, వేశారు. గట్టు మీద తిరిగే ఏఈఈకి జీపు, కాలువ కాపలా కాసే లస్కర్లు, తిట్టిపోయడానికి రైతులు ఉంటారు. టెక్నికల్ ఏఈఈకి ఒక బల్ల, ఒక కుర్చీ, పక్క గదిలోంచి మోగే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారి గంట ఉంటాయి. అంతే.

నేను గుడివాడలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. కొసరు లేని బేరం ఉప్పులేని పప్పు అనేవాడు మా నాన్న. అందుకని గుడివాడ కొట్టువాడి దగ్గర కొసరుగా కాస్త వాడిన లేజర్ ప్రింటరు కూడా రాబట్టాను. ఈఈ గారు నన్ను నలుగురిలో మెచ్చుకున్నారు. నేను ఆ మెప్పులో ఉండిపోయి, మూడు మిషన్లలోనూ మూడు వయసుల సాఫ్ట్‌వేర్ ఉందన్న సంగతి పట్టించుకోలేదు. మా కొట్లో మూడు మిల్లుల కందిపప్పు ఒకే డబ్బాలో పోసేవాళ్ళం. ఎవరూ అడిగేవారు కారు.

ఆ ఏడు ఎగువ నుంచి నీళ్ళు తక్కువ. తక్కువైనప్పుడు కాలువలన్నీ ఒకేసారి తెరవం. వంతులు వేస్తాం. నాలుగు గుంపుల కాలువలు, గుంపుకి ఆరేసి రోజులు. ఒక గుంపు పారుతుంటే మిగతావాటి తలుపులు దించాలి. ఎగువన గుడివాడ వైపు వాళ్ళ వంతు ఎప్పుడూ ముందే. శివారు, అంటే కాలువ చిట్టచివరి భూములు, ఎప్పుడూ ఆఖరు. ఆ ఏడు మాత్రం ఈఈ గారు పట్టుబట్టి దివిసీమ శివారుకి మొదటి వంతు రాయించారు. నాగాయలంక వైపు చెరువుల్లో అడుగున కాస్త బురదనీళ్ళే మిగిలాయి కాబట్టి ఆగస్టు తొమ్మిది నుంచి వాళ్ళకే.

ఆ వంతుల పట్టిక తయారుచేసే పని నాది. దానికోసం ఒక మాక్రో రాశాను. మనం చెప్పిన పనులను వరసగా గుర్తుపెట్టుకుని, మీట నొక్కగానే మళ్ళీ మళ్ళీ చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము అది. కాలువ పేరు, తేదీ ఇస్తే చాలు. తేదీల వరసన పేర్చి, గళ్ళు గీసి, సంతకానికి చోటు వదిలి పట్టిక ఇచ్చేది. బందరు ఆఫీసులో దాన్ని అర్థం చేసుకునేవాడు ఇంకొకడు లేడు. గుమాస్తాలు దాన్ని దూరం నుంచే చూసేవారు, అత్తగారి కొత్త చీరని చూసినట్టు.

కుటుంబం పిల్లల చదువుకని బెజవాడలో ఉంది. నేను బందరులో ఒక మేడమీద గదిలో ఉండేవాణ్ణి. రోజు మొత్తంలో నాతో మనిషిలా మాట్లాడేవాడు ప్రకాశరావు ఒక్కడే. అతను నాగాయలంక సెక్షన్ ఏఈఈ. ఇద్దరం ఒకే బ్యాచిలో ఉద్యోగంలో చేరాం. ప్రతి సాయంత్రం సెక్షన్ల నుంచి కాలువ గేజీలు, అంటే నీటిమట్టం కొలతలు, డివిజన్‌కి ఫోనులో చెప్పాలి. ప్రకాశరావు గేజీ చెప్పడానికి ఒక్క నిమిషం చాలేది. మిగతా అరగంట మేం ఇద్దరం ఒంటరివాళ్ళం. అక్కడ హోటల్లో సాంబారు గురించి, ఇక్కడ దోమల గురించి, ఎంతకీ రాని బదిలీ గురించి మాట్లాడుకునేవాళ్ళం. బంధుత్వం లేకపోయినా నన్ను బావా అనేవాడు.

వంతు ఖాయమైన సాయంత్రం కాగితం రాకముందే అతనికి చెప్పేశాను.

“నిజంగానా బావా? మొదటి వంతు మాకా? మీ గుడివాడోళ్ళు ఊరుకున్నారా?”

“ఊరుకోక ఏం చేస్తారు? తొమ్మిదిన నీ కాలువలో నీళ్ళు. రైతులకి చెప్పుకో.”

అతను చెప్పాడు. రైతులు విత్తనం నానబోసి, చెరువు అడుగు నీటితో మడి తడిపి, మొలక చల్లేశారు.

అసలు పట్టిక ముద్రించాల్సింది గుడివాడ సబ్‌డివిజన్‌లో. మంచి ప్రింటరు అక్కడే ఉంది, నా కొసరు. పట్టికను ఫ్లాపీలో వేసుకుని మధ్యాహ్నం బస్సులో గుడివాడ వెళ్ళాను. మీట నొక్కితే మాక్రో మొరాయించింది. ఏదో లైబ్రరీ కనబడటం లేదంది. బందరు మిషన్లో ఉన్న ఒక సరంజామా గుడివాడ పాత వెర్షన్లో లేదు. దాంతో తేదీని రోజు, నెల, ఏడు అని విడమరిచి చెప్పే నా వాక్యం అక్కడ చెల్లలేదు.

కొట్టువాడి బిడ్డని కదా. అడిగిన బ్రాండు లేకపోతే “ఇది తీసుకోండి, అదే పని చేస్తుంది” అని ఇంకోటి చేతిలో పెట్టడం మా రక్తంలో ఉంది. ఆ వాక్యం తీసేసి, తేదీని మామూలుగా అంకెల్లో ఇచ్చి, మిగతాది మిషన్‌కి వదిలేశాను. మాక్రో ఆడింది. ఇంతలో తెలుగు పేర్లన్నీ పిచ్చిగీతలుగా పడ్డాయి. ఫాంటు ఎక్కించి వాటిని సరిచేసేసరికి బందరు బస్సు వేళయింది. పట్టికలో పేర్లన్నీ చూసుకున్నాను. గళ్ళు చూసుకున్నాను. తేదీలు చూసుకోలేదు. అవి బందరులో చూసినవేగా!

ఆ మిషన్లో తేదీ అమరిక అమెరికా పద్ధతిలో ఉంది. వాళ్ళకి ముందు నెల, తరవాత రోజు. నేనిచ్చిన తొమ్మిది, ఎనిమిది అన్న అంకెల్ని అది సెప్టెంబరు ఎనిమిది అనుకుంది. తరవాతి వంతులు పదిహేను, ఇరవై ఒకటి, ఇరవై ఏడు. పదిహేనో నెల లేదు కాబట్టి వాటిని మాత్రం బుద్ధిగా ఆగస్టులోనే ఉంచింది. తరవాత నా మాక్రో తన పని తాను చేసుకుపోయి, తేదీల వరస ప్రకారం శివారు గుంపుని రెండో పేజీ అడుక్కి నెట్టేసింది. సెప్టెంబరు అని నెల పేరు అక్షరాల్లోనే పడింది, చూసుకుంటే కనబడేదే.

ఆ రోజు ఈఈ గారు బెజవాడ మీటింగులో ఉన్నారు. ఆయన తరఫున గుడివాడ డిప్యూటీ ఈఈ గారు సంతకం పెట్టి, కాగితాలు అక్కణ్ణుంచే సెక్షన్లకు పంపించేశారు. ఎవరికీ అనుమానం రాలేదు. శివారు ఆఖర్న ఉండటంలో వింతేముంది? మొదట ఉండి ఉంటే ఎవరైనా నిలదీసి అడిగేవారేమో.

తొమ్మిదిన ఎగువ తలుపులు దించమన్న కాగితం ఎవరి చేతిలోనూ లేదు. నీళ్ళు ఎగువనే పారాయి.

ఆ సాయంత్రం నాగాయలంక గేజీ వేరే గొంతు చెప్పింది. వర్క్ ఇన్‌స్పెక్టరట. ప్రకాశరావు గారు గట్టు మీదున్నారన్నాడు. మర్నాడూ అతనే. నీళ్ళు చేరడానికి వ్యవధి పడుతుంది కాబట్టి గేజీ తక్కువగా ఉండటం నాకు వింతగా తోచలేదు. ప్రకాశరావు ఫోను చేయకపోవడమే వింతగా ఉంది. నీళ్ళ సంబరంలో నన్ను మరిచిపోయాడనుకుని, ఆ రెండు సాయంత్రాలూ కాస్త అలిగి కూర్చున్నాను కూడా.

మూడో రోజు అతనే చేశాడు. గేజీ చెప్పాడు.

“సెప్టెంబరుకి మార్చేటప్పుడు ఒక్క మాట చెప్పాల్సిందండీ” అన్నాడు.

ఎప్పుడూ బావా అనేవాడు అండీ అన్నాడు. సెప్టెంబరేమిటన్నాను. కాగితం చదివి వినిపించాడు. నేను బల్ల మీదున్న మిషన్లో పట్టిక తెరిచాను. అక్కడ ఆగస్టు తొమ్మిదే ఉంది, మొదటి వరసలో.

“అది మిషన్ తప్పురా. కాగితం అందిన రోజే నాకెందుకు చెయ్యలేదు?”

“మీది గుడివాడ కదా. మీ కొట్టు ఖాతాలన్నీ ఎగువ వాళ్ళవే కదా. మీకు తెలిసే జరిగిందనుకున్నా.”

ఈఈ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. అర్జెంటు వైర్‌లెస్ పెట్టించి ఎగువ తలుపులు దించమన్నారు. కాని పారుతున్న నీళ్ళు ఆపడం, రాని నీళ్ళు ఆపినంత తేలిక కాదు. గుడివాడ వైపు రైతులు తలుపుల దగ్గర కూర్చున్నారు. మా నాన్న కొట్లో అరువు సరుకు తీసుకునేవాళ్ళే అక్కడికి వెళ్ళిన నన్ను చూసి, “మనూరి కుర్రోడివై ఉండి మా నోట్లో మట్టి కొడతావేంట్రా?” అన్నారు. రెండు వైపులా నేను అవతలివాణ్ణే. చివరికి శివారుకి సగం వంతు ఒప్పుకున్నారు.

నీళ్ళు చేరిన రోజు నాగాయలంక బస్సెక్కాను. పిల్లకాలువ చివర నాంచారయ్య అనే పెద్ద రైతు నారుమడి గట్టున నిలబడి ఉన్నాడు, పక్కన ప్రకాశరావు. మడి ఒక పక్క పచ్చగా ఉంది. మిగతా అంతా ఎండుగడ్డి రంగుకి తిరిగి, నేల పగిలి ఉంది. ఆ చీలికల్లోకి నీళ్ళు శబ్దం చేస్తూ దిగుతున్నాయి. నేను నెలా రోజూ తారుమారైన సంగతి మొత్తం వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“అంటే ఇంజినీరు గారూ, శివారోడు ఆఖరున ఉండాలని ఆ మిషన్‌కి కూడా తెలుసన్నమాట. దానికెవరు చెప్పారండీ? మేమైతే చెప్పలేదు” అన్నాడు.

పక్కనున్న రైతులు నవ్వారు. ప్రకాశరావు నవ్వలేదు. నాంచారయ్య నన్ను టీ తాగి వెళ్ళమన్నాడు. ప్రకాశరావు మాత్రం బస్సు వేళయిందని గుర్తుచేశాడు.

తరవాత చేసినవి ఆఫీసు పనులు. మాక్రోలో తేదీని ఒకే గడిలో ఇవ్వడం మానేసి, రోజుకొక గడి, నెలకొక గడి పెట్టాను. మూడు మిషన్లలోనూ ఒకే వెర్షను, ఒకే తేదీ అమరిక ఉండేలా ఈఈ గారి చేత ఉత్తర్వు ఇప్పించాను. రాసిన మిషన్‌లో కాదు, ముద్రించే మిషన్‌లో సరిచూడాలని నియమం పెట్టాం. సంతకానికి ముందు పట్టికను శివారు సెక్షన్‌కి ఫోనులో చదివి వినిపించాలని కూడా. ఆ ఫోను నేనే చేసేవాణ్ణి. ప్రకాశరావు ప్రతి తేదీకీ “సరేనండీ” అనేవాడు. గేజీ ఒక్క నిమిషంలో అయిపోయేది. మిగతా అరగంట బల్ల మీద మిగిలిపోయేది. రెండేళ్ళకి అతనికి బదిలీ అయింది. ఎక్కడికో ఆఫీసు కాగితంలో చూసి తెలుసుకున్నాను.

ఇన్నేళ్ళకి లెక్క చూసుకుంటే, జమ వైపు మూడు కంప్యూటర్ల మీద నేను తగ్గించిన రేటు, ఒక వాడిన ప్రింటరు, ఈఈ గారి మెప్పు ఉన్నాయి. ఖర్చు వైపు నాంచారయ్య గారి నారుమడిలో సగం పైన, ఆయనలాంటి వాళ్ళు మళ్ళీ పోసుకున్న నారు, ఒక బావ. ప్రింటరు ఆ దీపావళికే పాడైపోయింది.