వంటింటి కుళాయి

సండేస్కూలు టీచరమ్మ మంచాన పడ్డ అత్తగారికి మూడుపూటలా తనే జావ తాగిస్తుంది. పక్షవాతమొచ్చినా ముసలావిడ ఉమ్మితే గురి తప్పదు. టీచరమ్మ మొహం తుడుచుకుని, "ఇంకొక్క చెంచా అత్తయ్యా" అని నవ్వుతుంది. చూడ్డానికొచ్చిన సంఘంవాళ్లు, "క్రీస్తు ప్రేమంటే నిన్ను చూసే నేర్చుకోవాలమ్మా" అంటారు. వాళ్లను గుమ్మందాకా సాగనంపి, వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడుస్తుంది. ఆరేళ్లుగా ఇదే వరస. నిన్న ఆమెకు ఒళ్లు కాలే జ్వరమొస్తే పదకొండేళ్ల కూతురు గిన్నె అందుకుంది. ముసలావిడ దాని మొహానా ఉమ్మింది. పిల్ల తుడుచుకుని, "ఇంకొక్క చెంచా నానమ్మా" అని నవ్వింది. పక్కగదిలోంచి చూస్తున్న తల్లికి కడుపు నిండిపోయింది. గిన్నె ఖాళీ చేయించి పిల్ల వంటింట్లోకెళ్లింది. కాసేపటికి కుళాయి పూర్తిగా తిప్పిన చప్పుడు వినపడింది. ఎంతకీ ఆగలేదు.