నిమ్మకాయతో రాళ్లు చూసిన అయివారు

మా పాపకు బడిలో సైన్సు చెప్పిన అయివారు పోయినారని వాళ్ల ఊరు ఆత్మకూరు నుంచి కార్డు వచ్చింది. అదే రోజు పొద్దున మా పాపకు కమలాపురం బడిలో టీచరు ఉద్యోగం ఇస్తున్నట్టు కాగితం అందింది. నేను పట్టలేని సంతోషంతో వీధంతా బెల్లం పంచుతున్నాను. కార్డు చదివి, చేతిలో బెల్లం చేతిలోనే ఉండగా అరుగు మీద కూలబడ్డాను. చదువరులారా, నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే మన్నించండి. ఈ సంతోషం ఆయన పెట్టిన భిక్ష, ఆ మాట చెప్పకుండా ఉండలేను.

ఆయన మా కోయిలకుంట్ల బడికి వచ్చిన కొత్తలో నేను ఆయన్ను దొంగ అనుకున్నాను. మా పక్క తొలకరి వాన పడగానే జనం తలలు వంచుకుని చేలల్లో వజ్రాలు వెతుకుతారు. ఎవరు వంగినా చేను గలవాడికి గుండె దడే. అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఈయన జల్లెడ పట్టుకుని మా చేలోకి దిగాడు. గులకరాళ్లు ఏరి, ఒక్కొక్కదాని మీద నిమ్మకాయ పిండి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తాడు. కొన్ని పారేస్తాడు, కొన్ని రుమాల్లో మూట కడతాడు.

"ఏం దొరికినాయి అయివారూ?"

"రాళ్లన్నా. గాజుతొట్టిలో నీటిమొక్కలు పెంచుతాండా. అడుగున పరిచేదానికి."

గాజుతొట్టికి నా చేని రాళ్లా! నమ్ముతానా? ఇంటికొచ్చి చెబితే మా ఇంటామె ఇంకా ఎగదోసింది. "నిమ్మకాయ పిండి చూసినాడంటే అది వజ్రమే. నువ్వేమో నోరు తెరుచుకోని నిలబడినావు!"

మర్నాడే పాపను బడి మాన్పించాను. రాయి నా చేతికి వచ్చేదాకా ఆ దొంగ దగ్గర చదువేమిటన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల, పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని ఏడ్చింది. ఎనుములను మేతకు తోలుకుపొమ్మన్నాను. మూడు రోజులు తోలింది.

నాలుగో రోజు నేనే బడికి పోయాను. తరగతిలో రేకు చట్రానికి గాజు పలకలు బిగించిన తొట్టి ఉంది. మొక్కలు పసుపెక్కి వాలిపోయాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇందులోనే దాచాడని మోచేతి దాకా చేయి పెట్టి అడుగంతా కలబెట్టాను. నీళ్లు ఎర్రటి బురదయ్యాయి, మొక్కలు వేర్లతో సహా తేలాయి. పిల్లలు కెవ్వుమన్నారు.

అయివారు కోప్పడలేదు. "దొరికిందా అన్నా?" అన్నారు.

దొరికింది కంపు. చేయి వాసన చూసుకుంటే కుళ్లిన గుడ్డే.

"అడుగున పచ్చి పేడ ఏసినారా?"

"ఏసినా, బలమని."

"ఏం బలం! పచ్చి పేడ చేలో ఏస్తేనే వేర్లు మాడతాయి. నీళ్లకింద కుళ్లక ఏం చేస్తాది?"

వచ్చిన పని మరిచి చెప్పుకుంటూ పోయాను. ఎండిన చెరువు ఒండ్రు తెచ్చి, చెత్త ఏరి, నానబెట్టి ఎండబెట్టి, కంపు పోయేదాకా మళ్లీ మళ్లీ అట్లే చేసి, రెండు వేళ్ల మందం పరచాలి. కుందూ ఏటి ఇసుకను, కడిగిన నీళ్లు తేటగా పోయేదాకా కడిగి, పైన అంతకు రెట్టింపు పోయాలి. ఆయన అదంతా నల్లబల్ల మీద రాశారు. నా మాట నల్లబల్లకెక్కడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత నిమ్మకాయ సంగతి చెప్పారు. "మన పక్క సున్నపురాళ్లు శానా. పులుపు పడితే నురుగొస్తాది. అవి తొట్టిలో ఉంటే సున్నం కరిగి నీళ్లు మారిపోతాయి, మొక్కలకు పడదు. నురుగు రాని రాళ్లే నాకు కావాల."

మూట విప్పించి ప్రతి రాయీ చూశాను. వజ్రం లేదు. "ఇంకోటి యాడన్నా దాచినారేమో" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. "అనుమానం మంచిదేనన్నా. పాపను దినామూ పంపు. నాకు కాపలా ఉంటాది."

అది నచ్చి పంపాను. సాయంత్రం రాగానే "ఈ పొద్దు ఏం ఏరినాడు?" అని అడిగేవాణ్ణి. పాప వేర్ల సంగతి, ఆకుల మీది బుడగల సంగతి చెప్పేది. అట్లా కాపలా కాస్తూ కాస్తూనే పరీక్షలన్నీ గట్టెక్కింది. అయివారి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ. "అడుగు కుదిరితే నీళ్లు వాటంతటవే తేరుకుంటాయి" అనేవారు.

మొన్న పాపను కమలాపురంలో దింపడానికి పోయాను. పాప తరగతిలో కొత్త తొట్టి, అందులో మా చెరువు ఒండ్రు, మా కుందూ ఇసుక. ఇసుక మీద ఒక రాయి తళుక్కుమంది.

"ఇది శానా మెరుస్తాంది పాపా."

"నిమ్మకాయ ఈడే ఉండాది, చూసుకో నాయనా."

పాప అయివారి పద్ధతిలోనే ఇసుక మీద విస్తరాకు పరిచి, దాని మీద చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు ఎక్కేకొద్దీ ఆకు మెల్లగా పైకి లేచింది. కింద ఇసుక చెదరలేదు.