రమ్యశ్రీ గారి ఫెడోరా

కడియంలో ఓ పెద్ద నర్సరీ ఆఫీసులో లోకనాథ్ పని. మొక్కలకి పేరుచీటీలు ప్రింటు తీస్తాడు, లారీల వెంట వెళ్లాల్సిన కాగితాలు తయారు చేస్తాడు. పొద్దున్నే కొవ్వూరులో ప్యాసింజరెక్కి గోదావరి దాటతాడు, సాయంత్రం మళ్లీ దాటి ఇంటికొస్తాడు. నలభై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. ఆడపిల్లవాళ్లు వద్దన్నదీ లేదు, ఇతను వద్దన్నదీ లేదు; సంబంధాలు చూసేవాళ్లు చూడ్డం మానేశారు, అంతే. వీరదుర్గ గారనే పెద్దావిడ ఇంటి మేడ మీద ఒక గది అద్దెకి తీసుకున్నాడు. గదిలో మంచం, బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు.

ఆ కంప్యూటరులో లినక్సు ఉంటుంది. లినక్సంటే ఒకటే అనుకుంటారు గానీ, మందారంలో రకాలున్నట్టు అందులోనూ వందల రకాలు. ఒక్కో బృందం తనకి నచ్చినట్టు కూర్చి, ఓ పేరు పెట్టి, కావాలన్నవాళ్లకి ఊరికే ఇచ్చేస్తుంది. కిందటేడు దాకా లోకనాథ్ ఏ రకాన్నీ ఆరు నెలలకి మించి ఉంచేవాడు కాదు. బాగా నడుస్తున్నదాన్నే చెరిపేసి ఇంకోటి ఎక్కించేవాడు. పన్నెండేళ్లు అదే వరస. ఎందుకని అడిగేవాళ్లు లేరు గనక చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

అసలిదంతా రాజమండ్రిలో మొదలైంది. దానవాయిపేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీద నెలకో ఆదివారం లినక్సు పిచ్చి ఉన్నవాళ్లు కలిసేవారు. మొదట్లో తొమ్మిదిమంది వచ్చారు. గట్టిగా నిలిచింది లోకనాథ్‌తో కలిపి నలుగురు. సత్యప్రసాద్ గారు పాలిటెక్నిక్ లెక్చరరు, ఆయనది డెబియన్. "పునాది కదలకూడదండి, గోడలకి రంగు తర్వాత వేసుకోవచ్చు" అనేవారు. చినబాబుకి మోటార్లు రివైండింగ్ చేసే షాపు. అన్నీ చేత్తో సర్దుకోవాల్సిన స్లాక్‌వేర్ అంటే అతనికి ప్రాణం. "చెయ్యి కాలకుండా వంటొస్తుందేంటండీ!" అని బల్ల చరిచేవాడు. మూడో మనిషి రమ్యశ్రీ, డిగ్రీ ఆఖరి ఏడు చదివే అమ్మాయి. ఆమెది ఫెడోరా. "కొత్తది గుమ్మంలోకొస్తే తలుపేసుక్కూచుంటారేంటండి మాస్టారూ?" అని లెక్చరర్నే నిలదీసేది. ఆ ముగ్గురూ కీచులాడుకుంటుంటే లోకనాథ్ టీలు తెచ్చి ఓ పక్కన కూచునేవాడు. అతనికి సొంత పక్షం లేదు. ఎవరు మాట్లాడితే వాళ్లదే నిజమనిపించేది.

తర్వాత మాస్టారికి విశాఖ బదిలీ అయింది. చినబాబు షాపు ఎత్తేసి అత్తవారి ఊరు పోయాడు. రమ్యశ్రీ పెళ్లయి పూణే వెళ్లింది. మానేద్దామని ఎవరూ అనలేదు. ఒక ఆదివారం లోకనాథ్ ఒక్కడే మెట్లెక్కి, తలుపుకి తాళం చూసి, ఐదు నిమిషాలు నిలబడి దిగొచ్చాడు.

ఆ వారమే కంప్యూటరులో డెబియన్ ఎక్కించాడు. ఎక్కుతున్నంతసేపూ పక్కన మాస్టారు కూచుని సణుగుతున్నట్టే ఉంది. నాలుగు నెలలయ్యాక చినబాబు గుర్తొచ్చి స్లాక్‌వేర్ పెట్టాడు. ఆ తర్వాత ఫెడోరా. ఏది ఎక్కిస్తే ఆ మనిషి గదిలోకి వచ్చేవాడు. అన్నేళ్లు నోరు మెదపని లోకనాథ్ ఇప్పుడు ఎదురు వాదించేవాడు. ఒక్కోసారి పైకే అనేసేవాడు. "ఎవరొచ్చారు బాబూ?" అని కింద నుంచి వీరదుర్గ గారు కేకేస్తే, "ఫోనండీ" అనేవాడు. మధ్యమధ్య వేరే రకాలూ పెట్టాడు గానీ వాటి వెంట మనుషులెవరూ లేరు, వారం తిరక్కుండా తీసేశాడు. ఫెడోరా మాత్రం మిగతావాటికంటే ఒకటి రెండు నెలలు ఎక్కువే ఉండేది. ఎందుకో అతను ఆలోచించుకోలేదు.

కిందటేడు మాఘంలో ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. "లోకనాథ్ గారేనా? నేను రమ్యశ్రీని. పిన్నిగారి గృహప్రవేశానికి రాజమండ్రి వచ్చాను. ఆదివారం వీలైతే కలుద్దామా?"

లోకనాథ్ ఆ మెసేజ్ ప్యాసింజరులో నిలబడి చదివాడు. కొవ్వూరులో దిగడం మర్చిపోయి తర్వాతి స్టేషన్లో దిగాడు. అప్పుడు కంప్యూటరులో ఉన్నది డెబియన్. మర్నాడే ఆఫీసువాళ్లు పక్కన పడేసిన లాప్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకుని, తుడిచి, అందులో ఫెడోరా ఎక్కించాడు. పాత వైఫై కార్డు మొరాయిస్తే దాని అంతు చూసేసరికి శనివారం అయింది.

పుష్కరఘాట్ దగ్గర టిఫిన్ హోటల్లో కలుసుకున్నారు. ఆమెకి కళ్లజోడొచ్చింది, ఒళ్లు చేసింది, గొంతు మాత్రం అదే. పెసరట్లు చెప్పి, పిల్లల సంగతులూ ఆఫీసు సంగతులూ అయ్యాక లోకనాథ్ సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఆమె వైపు తిప్పాడు.

"ఏంటండి ఇది?"

"మీదేనండి. ఫెడోరా. ఈ మధ్య దీని పద్ధతి చాలా మారింది. మీరన్నది నిజమే, కొత్తది ముందుగా వచ్చేది దీన్లోకే. కానీ మాస్టారు అన్నదాన్లోనూ..."

అతను ఆగకుండా పావుగంట మాట్లాడాడు. పన్నెండేళ్లపాటు ఖాళీ కుర్చీతో వాదించినవన్నీ వరసగా వచ్చేశాయి. రమ్యశ్రీ పెసరట్టు చల్లారిపోతున్నా వింటూనే ఉంది. చివరికి తల దించుకుని నవ్వింది.

"లోకనాథ్ గారూ, ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. నేను ఫెడోరా ఎప్పుడూ వాడలేదు."

"అంటే?"

"నాకు అప్పట్లో కంప్యూటరే లేదండి. లైబ్రరీలో ఓ మ్యాగజైన్ వచ్చేది. శనివారం అది చదువుకుని, ఆదివారం వచ్చి అప్పజెప్పేదాన్ని."

"మరి ఫెడోరానే ఎందుకండీ?"

"డెబియన్ మాస్టారు తీసుకున్నారు, స్లాక్‌వేర్ చినబాబు గారు తీసుకున్నారు. మిగిలింది అదేగా! ఏదో ఒక పక్షం లేకపోతే నన్నెవరు మాట్లాడనిస్తారు?" గ్లాసులో నీళ్లు తాగి మళ్లీ అంది. "ఇంట్లో నేను మాట్లాడితే వినేవాళ్లు లేరండి. అక్కడ మీ ముగ్గురూ నా మొహం చూసేవారు. నెలంతా దానికోసమే ఎదురుచూసేదాన్ని."

లోకనాథ్ నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది. "అయితే ఇన్నాళ్లూ నేను మ్యాగజైన్‌తో పోట్లాడానన్నమాట" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. అతనూ విడమర్చలేదు.

"ఇప్పుడు చూపించండి మరి, ఎలా ఉంటుందో" అని ఆమే లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. తెలుగులో తన పేరు కొట్టి చూసుకుంది. అటూ ఇటూ నొక్కింది. "బావుందండీ, బాగానే వాదించాను" అంది. పదిన్నరకి పిన్నిగారింటి నుంచి ఫోనొస్తే లేచింది. ఆటో ఎక్కుతూ, "టచ్‌లో ఉందామండి" అంది. మూడోరోజున 'చేరాను' అని మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇంటికొచ్చి లోకనాథ్ పెద్ద కంప్యూటరులో కూడా ఫెడోరా ఎక్కించాడు. పెట్టాక గదిలో కూచుని చూశాడు. ఎవరూ రాలేదు. "కొత్తది గుమ్మంలోకొస్తే..." అని తనే పైకి అన్నాడు. ఆ మాట ఏదో కాగితంలోంచి చదివినట్టు వినపడింది. డెబియన్ పెడితే మాస్టారైనా వస్తారేమో గానీ చెయ్యాడలేదు. ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. లైబ్రరీ బల్ల దగ్గర కూచుని రేపటి మాటలు బట్టీపడుతున్న అమ్మాయినే తలుచుకున్నాడు. ఆ నలుగురిలో ఎదురుచూసింది తనొక్కడే అనుకున్నాడు ఇన్నేళ్లూ.

ఏడాది దాటింది. కంప్యూటరులో అదే ఫెడోరా ఉంది, మార్చలేదు. ఆదివారాలు మాత్రం మరీ పెద్దవైపోయాయి. గోష్పాదం రేవు దాకా నడిచెళ్లి, ఇసుక పడవలు చూసి, నడిచొచ్చినా ఇంకా పదకొండే అవుతుంది.

అలాంటి ఒక ఆదివారం పాత డైరీలో నంబరు వెతికి విశాఖలో సత్యప్రసాద్ గారికి ఫోన్ చేశాడు.

"ఏ లోకనాథ్ అండి?"

"రాజమండ్రిలో... ఆదివారాలు... టీలు తెచ్చేవాణ్ణండి."

"ఆఁ, ఆఁ! నువ్వా? బావున్నావా నాయనా?" అన్నారాయన. తర్వాత మోకాళ్ల నొప్పుల గురించి, మెట్లెక్కలేకపోవడం గురించి, ఇంటి ముందు రోడ్డు తవ్వి వదిలేయడం గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. లినక్సు మాట ఆయన ఎత్తలేదు. మీరైనా డెబియన్ నిజంగా వాడేవారా మాస్టారూ అని అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. "నువ్వుల నూనె వేడి చేసి మర్దన చేయించుకోండి" అన్నాడు. ఆయన సరేనన్నారు.