ఒక దరఖాస్తు, ఇద్దరు ప్రొఫెసర్లు

ఒక్క పీహెచ్‌డీ సీటు కోసం ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే విభాగంలో ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య పోటీ పెట్టినవాణ్ణి నేను. పోటీ జరుగుతోందని వాళ్లిద్దరికీ తెలియదు. పనితనమంతా అందులోనే ఉంది. ఇలాంటి తెలివి అందరికీ రాదు. రాకపోవడమే మంచిదని ఇప్పుడు అంటాను కానీ, ఆ వారం మాత్రం సౌదీలోని ఈ అల్ ఖర్జ్‌లో నా అంతవాడు లేడన్నట్టు నడిచాను.

మాది ప్రొద్దుటూరు. నాన్నది, ఇద్దరు చిన్నాన్నలది, మేనమామది అందరివీ బట్టల కొట్లే, అన్నీ ఒకే వరుసలో. కొనేవాడు లేచి చెప్పులేసుకుంటే తప్ప అసలు ధర బయటికి రాదని అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాను. "పక్క కొట్లో ఇంకా తక్కువకిస్తాండారు" అనే మాట మా బజారులో అబద్ధం కిందికి రాదు. అదొక పలకరింపు. అన్నవాడూ విన్నవాడూ నవ్వుకుని బేరంలోకి దిగుతారు.

మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి ఇక్కడి డెయిరీ ల్యాబ్‌లో చేరి ఆరేళ్లయింది. పాల శాంపిల్ ప్లేట్లలో పోసి, ఇంక్యుబేటర్‌లో పెట్టి, పెరిగిన బాక్టీరియా చుక్కల్ని లెక్కపెట్టడం నా పని. దుమ్ము తుఫాను వచ్చిన మర్నాడు ఏడో ఆవుల షెడ్డు పాలలో, కాచినా చావని ఒక రకం ఎక్కువగా కనిపించేది. పరిమితి లోపలే ఉండేది కాబట్టి పాలు అమ్మకానికి వెళ్లిపోయేవి. ఆ ఒక్క షెడ్డులోనే ఎందుకు అని రాయడానికి మా రిపోర్టులో గడి లేదు. నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని రాసుకున్నాను. మూడు ఎండాకాలాలు రాశాక, ఇది తేల్చకుండా ఇక్కడినుంచి కదిలితే నిద్రపట్టదనిపించింది. పీహెచ్‌డీ ఆశ అక్కడ మొదలైంది.

ఆశకు గడువుంది. రెండు నెలల్లో కాంట్రాక్టు అయిపోతుంది. మళ్లీ సంతకం పెడితే రెండేళ్లు కదలడానికి లేదు. నాకు అప్పటికే ముప్పై మూడు.

ఈ దేశంలోనే ఒక విశ్వవిద్యాలయంలో ఇద్దరు ప్రొఫెసర్లు కనిపించారు, ఒకావిడ, ఒకాయన. ఆవిడ పాలలో, ఆహారంలో బాక్టీరియా మీద పనిచేస్తారు. ఆయన ఎడారి మట్టి మీద. మా ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్‌ని సిఫారసు ఉత్తరం అడిగాను. తెనాలి ఆవిడ, డాక్టరేట్ చేసిన మనిషి.

"నాలుగు వాక్యాలు రాస్తానయ్యా. నాలుగూ నిజాలే రాస్తాను. అది చాలకపోతే ఇంకొకర్ని చూసుకో," అన్నారు.

అందులో నేను పాల మీద చేసిన పని గురించి రాశారు. వారం తర్వాత మళ్లీ వెళ్లి, వేరే యూనివర్సిటీకని చెప్పి, దుమ్ము గురించీ మట్టి గురించీ ఇంకొకటి రాయించుకున్నాను. మొదటిది పాల ప్రొఫెసరుకు, రెండోది మట్టి ప్రొఫెసరుకు పంపాను. ఇద్దరూ పొడిపొడిగా ఒకే జవాబు ఇచ్చారు: ఆసక్తిగా ఉంది, దరఖాస్తు పెట్టండి.

ఇక్కడ నాలో కొట్టువాడు లేచాడు. ఇలా చప్పగా మాట్లాడేవాడు సరుకు పక్కన పెట్టేస్తాడని మాకు తెలుసు. కాస్త కదిలించాలి. ఆయన నాకు సీటు దాదాపు ఖాయం చేశారని ఆవిడకు రాశాను. ఆవిడ ఖాయం చేశారని ఆయనకు రాశాను. మర్యాదగానే రాశాను, మీ నిర్ణయం త్వరగా తెలిస్తే బాగుంటుందని కూడా చేర్చాను.

ఆ తర్వాత కూర్చోలేకపోయాను. ప్లేట్లు లెక్కపెడుతూ మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చేవాణ్ణి. చేతులు కడుక్కుని ఫోను చూసేవాణ్ణి, చూసి మళ్లీ కడుక్కునేవాణ్ణి. క్వార్టర్స్‌లో నా గదిలోనే ఉండే కడప అన్న, హుఫూఫ్ దాకా పాల ట్యాంకరు తోలే మనిషి, మూడు రోజులు చూసి అన్నాడు:

"ఏంది తమ్ముడూ, ఆ ఫోన్ని పొదుగు మాదిరి పిండుతాండావు. పాలేమన్నా పడ్తాండాయా?"

సంగతి చెప్పాను.

"ఒకరి పేరు చెప్పి ఇంకొకరిని బెదిరించినావన్నమాట."

"బెదిరించడం యాడిదన్నా, బేరం అట్లే కదా."

"మన బజార్లో సరే. వాళ్లిద్దరూ ఒక్క చోట కూచొని అన్నం తినేవాళ్లయితే?"

"చదువుకున్నోళ్లు ఇట్లాంటివి మాట్లాడుకోర్లే అన్నా."

"అవునవును. పాపం, వాళ్లకు నోర్లుండవు," అని అటు తిరిగి పడుకున్నాడు.

పదిరోజులకు ఇంటర్వ్యూకి పిలిచారు. బేరం పారిందనుకున్నాను. ల్యాబ్ పక్కన పాత రికార్డుల గదిలో అట్టపెట్టెల మధ్య లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. తెర వెలిగింది. ఒకే బల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. ముందు రెండు కాగితాలు.

"ఈయన మీకు సీటు ఖాయం చేశారని మీరు నాకు రాశారు," అన్నారావిడ ఇంగ్లీషులో. "ఈయన ఇక్కడే ఉన్నారు."

ఆయన నావైపే చూస్తున్నారు. "ఈవిడ ఖాయం చేశారని మీరు నాకు రాశారు."

మా బజారులో అయితే ఈపాటికి ముగ్గురం నవ్వేసి ఉండేవాళ్లం. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఆ రెండు కాగితాలూ ఎత్తి చూపించారు. "సంతకం ఒకటే. ఒక దాంట్లో మీ ధ్యాసంతా పాల మీదే. ఇంకోదాంట్లో అంతా మట్టే. రాసినవారికి మీరు నిజంగా తెలుసా?"

అవి మేడమ్‌కి రెండు వేర్వేరు చోట్లకని చెప్పి నేను రాయించుకున్నవని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. రెండు విషయాలూ నాకు సమానంగా ఇష్టమని అన్నాను. మీరు అసలు తెలుసుకోవాలనుకుంటున్నదేమిటని ఆయన అడిగితే, మీ ఇద్దరి ప్రాజెక్టుల్లో ఏదైనా ఫరవాలేదన్నాను. ఏడో షెడ్డు గుర్తొచ్చి నోటుబుక్కు తెరిచేసరికి టైము అయిపోయిందన్నారు.

తిరస్కారం రెండు వాక్యాల్లో వచ్చింది. మర్నాడు పొద్దున మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ప్లేటు మీద చుక్కలకు పెన్నుతో గుర్తులు పెడుతున్నారు.

"మేడమ్, ఆ రెండో ఉత్తరం వేరే యూనివర్సిటీకి కాదు."

"తెలుసు." ఆ ప్లేటు పూర్తిచేసి అంకె రాసుకున్నాకే తలెత్తారు. "రెండూ మీరు రాసినవేనా అని ఆ పాల ప్రొఫెసర్ నాకు రాసి అడిగారు. నావేనని చెప్పాను. నావే కదా మరి."

"క్షమించండి మేడమ్."

"ఇన్నేళ్లలో నా సంతకం చూశాక ఎవరూ మళ్లీ అడగలేదయ్యా. ఇప్పుడు అడిగారు."

"వచ్చే ఏడాదికి..."

"రాయను," అన్నారు. కోపం లేదు, రేపు సెలవు అన్నంత మామూలుగా అన్నారు. తర్వాత ప్రొఫెసర్ ఉత్తరాన్ని తన కంప్యూటర్‌లో తెరిచి నావైపు తిప్పారు. చివరి పేరా చదివాను. మొదటి ఉత్తరం చూడగానే నన్ను తీసుకోవాలని ఆవిడ అనుకున్నారట, విభాగంలో ఒక సీటు అడిగి ఉంచారట. దరఖాస్తు పెట్టండి అన్న ఆ పొడి జవాబుకు అర్థం అదేనట.

ఇక బిల్లు. సీటు పోయింది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టాను కాబట్టి రెండేళ్లు పోయాయి. వచ్చేసారి దరఖాస్తు పెడితే, ఆరేళ్లు నా పని పక్కనుండి చూసిన ఏకైక మనిషి మాట అందులో ఉండదు. బేరమాడి తగ్గించింది ఏమీ లేదు, ఎందుకంటే అవతలివాళ్లు ధరే చెప్పలేదు, ఊరికే ఇవ్వబోయారు. ఈ పద్దులన్నీ నావే, వాటి గురించి ఎవరితోనూ వాదన లేదు. మేడమ్ సంతకం పద్దు ఒక్కటే నాది కాదు. దాన్ని నేను రాయించాను, ఆవిడ కట్టారు.