ఫ్రేములో లేని చెయ్యి

స్టూడియో అత్త పోయిన రోజు నేను ఏడవలేదు. ఆ పొద్దునే తమ్ముడు ఒక్కడే బస్సెక్కి వెళ్ళిపోతుంటే ఆపలేదు. ఈ రెండూ కలిపి మావాళ్ళు ఒక కథ అల్లేశారు. "శవం ఇంకా వాకిట్లో ఉండంగానే పిల్లోణ్ణి బస్సుకు తోలేసింది. తిరుపతికి పోవాలని దీనికి అంత తొందర" అని పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. అమ్మ ఆ మాట అనలేదు. తప్పనీ అనలేదు. తమ్ముడికైతే అసలు మనసే లేదని తేల్చేశారు. అత్త గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు ఈ కోపమే వస్తోంది. రానీ. ఆవిడ కూడా కోపం దాచుకున్న మనిషి కాదు.

నగరిలో మాది మరమగ్గాల వీధి. ఆ రోజు తెల్లవారుతుండగా నాయన షెడ్డు నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడప దగ్గరే నిలబడి, "స్టూడియో అక్క పోయిందంట. నిద్దర్లోనే" అన్నాడు. అప్పటికే వీధిలో మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నాయి. మా వీధిలో ఎవరు పోయినా శవం లేచేదాకా మగ్గం నడపరు.

ఆవిడ మాకు చుట్టం కాదు. ఎదురిల్లు. ముందు గదిలో ఫొటో స్టూడియో. మామ పోయాక పెళ్ళి వీడియోలు తీయడం, ఎడిటింగ్ చేయడం అన్నీ తనే చూసుకుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోను, పక్కన చల్లారిపోయిన టీ, కంప్యూటర్లో కనిపించేవాళ్ళతో గట్టిగా మాటలు. "ఒరే పెళ్ళికొడకా, ఫోను జోబీలో పెట్టుకోరా, నీ పెళ్ళే జరగతా ఉండాది!" అని తెర మీద ఉన్నవాణ్ణి తిట్టడం వీధిలోకి వినిపించేది.

తమ్ముడు నాకన్నా మూడేళ్ళు చిన్న. వాడికి ఆటిజం. మాటలు తక్కువ. అనుకోని చప్పుడు వస్తే చెవులు మూసుకుంటాడు. మగ్గాల చప్పుడు మాత్రం వాడికి కావాలి. కరెంటు పోయి అవి ఆగితే ఇంట్లో నిలవలేడు, తిరుగుతూనే ఉంటాడు. చిన్నప్పుడు తిరుపతిలో ఇలాంటి పిల్లలకు నేర్పే కేంద్రానికి తీసుకెళ్తే, పళ్ళు తోముకోవడం లాంటి పనుల్ని ఒక్కో మెట్టూ ఫొటోల్లో చూపించమన్నారు. అమ్మ కుళాయి ఫొటో, బ్రష్షు ఫొటో తీసుకుని, పెద్దవి చేయించడానికి స్టూడియోకి వెళ్ళింది. అత్త వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "కుళాయికి ఫొటో ఏందిమే? వాణ్ణే తీస్తా. వాడే హీరో" అంది.

మొదటి వీడియో మా ఇంట్లో ఎవరూ మరచిపోరు. ఆవిడకు తెలిసిందల్లా పెళ్ళి వీడియో. తమ్ముడు బ్రష్షు పట్టుకోగానే పై నుంచి గులాబీ రేకులు రాలాయి. నోరు పుక్కిలించడం స్లోమోషన్‌లో, హృదయం ఆకారంలో ఉన్న చట్రంలో. వెనక నాదస్వరం. మేమంతా పడిపడి నవ్వుతుంటే తమ్ముడు చెవులు మూసుకుని బయటికి పరిగెత్తాడు. అత్తకు రోషం వచ్చింది. "ఇన్ని ఎఫెక్టులు పెట్టినా నచ్చలేదంటే!" అని గొణుక్కుంటూ రేకులు తీసేసింది, నాదస్వరం తీసేసింది. చప్పుడే లేకుండా చూపిస్తే వాడు లేచి నిలబడ్డాడు. చివరికి ఫోను కిటికీలో పెట్టి వీధిలో మగ్గాల చప్పుడు రికార్డు చేసి వీడియో కింద అతికించింది. అప్పుడు కూర్చుని మొత్తం చూశాడు. మళ్ళీ పెట్టమన్నాడు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. తీసినప్పుడు బ్రష్షు కదిలించింది వాడి మణికట్టు పట్టుకున్న అమ్మ చెయ్యి. అత్త ఆ చేతిని ఎక్కడికక్కడ కోసేసింది, కోయలేని చోట జూమ్ చేసి దాటేసింది. "తాళి కట్టేటప్పుడు అడ్డమొచ్చే చేతుల్ని కోసి కోసి నాకిది అలవాటేమే." చివరకు మిగిలిన వీడియోలో తమ్ముడు ఎవరి సాయమూ లేకుండా పళ్ళు తోముకుంటున్నాడు. అలా తోముకునేది తనేనని వాడు రోజూ చూశాడు. చూసి చూసి ఒకరోజు తోముకున్నాడు. అన్నీ ఇలా కుదిరాయని చెప్పను. మంగలి షాపు వీడియో ఎన్నిసార్లు తీసినా కత్తెర చప్పుడు దగ్గర వాడు లేచిపోయేవాడు. ఇప్పటికీ అమ్మే ఇంట్లో జుట్టు కత్తిరిస్తుంది.

నా డిగ్రీ అయిపోయిన ఏడాది తమ్ముడికి పుత్తూరులో ఒక నర్సరీలో మొక్కల కవర్లలో మట్టి నింపే పని దొరికింది. రోజూ బస్సు. తోడు నేను. ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు. ఖాళీగా ఉన్నాను కదా, వాడికి రెండో అమ్మను కదా. అప్పటికే తిరుపతి కేంద్రం మేడం మా వీడియోలు చూసి, అక్కడి పిల్లలకు కూడా ఇలాంటి వీడియోలు తీయాలని అత్తను రమ్మంది. స్టూడియోలో తన పక్కనే కూర్చుని పని నేర్చుకుంటున్న నా వైపు కూడా చూడకుండా అత్త ఫోన్లోనే చెప్పేసింది: "నా మోకాళ్ళకి తిరుపతి యాడ కుదురుతుంది మేడం? ఈ పిల్లను పంపిస్తా. తమ్ముడు ఒంటిగా బస్సెక్కనీ, ఆ మర్నాడే పంపిస్తా." నా తరఫున మాటిచ్చేసిందని కోపం తెచ్చుకున్నాను. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

వాడికి బస్సు అలవాటు చేయడానికి ముందు స్టూడియోలోనే బస్సు ఆట ఆడేవాళ్ళం. వెనక జలపాతం బొమ్మ ఉన్న తెర, ముందు ప్లాస్టిక్ కుర్చీలు. కెమెరా సంచి భుజాన వేసుకుంటే అత్త కండక్టరు. "రైట్ రైట్! ముందుకు జరగండప్పా, లోపలంతా ఖాళీనే కదా!" అంటూ లేని జనాన్ని తోసుకుంటూ వచ్చేది. ఒకరోజు మరీ ఊపు మీదుండి "చిల్లర లేకుండా ఎందుకెక్కినావు?" అని గద్దించేసరికి తమ్ముడు కుర్చీ దిగి ఇంటికి నడిచాడు. ఆవిడ ఆ మోకాళ్ళతోనే వీధికి అడ్డంపడి వెంట పరిగెత్తి, సంచి తీసి కింద పెట్టి, "సంచి లేదు సూడు. కండక్టరు డ్యూటీ దిగిపోయినాడు. ఇప్పుడు నేను అత్తనే" అంది. అప్పటినుంచి అదే కట్టుబాటు. సంచి ఉంటే ఆట. లేకుంటే అత్త.

తర్వాత నిజం బస్సులో షూటింగు. ముందు సీట్లోంచి అత్త మమ్మల్ని తీసింది. సాయంత్రం ఆ వీడియోను ఒకచోట ఆపి నన్ను పిలిచింది. కండక్టరు వంగి "యాడికి?" అంటున్నాడు.

"వాడి నోరు సూడు."

తమ్ముడి పెదవులు విడివడి ఉన్నాయి. మరుక్షణం నా గొంతు: "పుత్తూరు, ఒకటి."

"వానికి మాట రాక కాదుమే" అంది అత్త. "నీకు గమ్మునుండడం రాక."

మళ్ళీ తీశాం. ఈసారి నోరు మూసుకున్నాను. వాడు చెప్పాడు. ఆ తర్వాత అత్త ఎడిటింగ్‌కి కూర్చుని, వాడి సీటు కమ్మీ మీదున్న నా చేతిని, వాడి భుజానికి తగులుతున్న నా చున్నీని కోసేసింది. కిటికీ పక్కన వాడొక్కడే మిగిలాడు. నాకు ఎక్కడో చివుక్కుమంది. ఆవిడ చూసింది. "మొగం అట్లా పెట్టినావేమే? షామియానా కట్టినోడు పెళ్ళి వీడియోలో కనపడతాడా?"

మొహాల గురించి ఆవిడ తరచూ ఒక మాట అనేది. "మొగం సూసి కథలల్లొద్దు. కడుపులో ఏడుస్తా నవ్వే పెళ్ళికూతుళ్ళను నేను ఎంతమందిని సూడలేదు? తెలియకుంటే అడుగు. సెప్పకపోతే గమ్మున కాచుకో." ఒకచోట కూర్చోలేని నన్ను చూసి ఇంకోటి అనేది: "మీ ఇద్దర్లో కుదురుగా కూర్చునేది వాడేమే!"

వాణ్ణి ఒంటరిగా పంపే రోజును అమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. ఇవాళ వాన, రేపు అమావాస్య. ఆ లోపే అత్త పోయింది.

ఆ పొద్దున వీధంతా జనం. మగ్గాలు లేవు. తమ్ముడు ఇంట్లో గోడనుంచి గోడకు తిరిగాడు. వేళకు తినేసి, భుజానికి బ్యాగు తగిలించుకుని వీధి దాటాడు. ఐసు పెట్టెలో ఉన్న అత్తను వంగి చూశాడు.

"సంచి లేదు" అన్నాడు.

అక్కడున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాడు తిరిగి బస్టాండు వైపు నడిచాడు. "యాడికిరా? పట్టుకోండే వాణ్ణి!" అని అమ్మ అరిచింది.

"పోనీమా" అన్నాను.

దూరంగా వెనకే నడిచాను. పుత్తూరు బస్సు నిలబడి ఉంది. వాడు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు వంగాడు. అద్దం అవతల తమ్ముడి నోరు కదిలింది. బయట నిలబడ్డ నా నోరూ కదలబోయింది. పళ్ళతో నొక్కిపట్టాను. టికెట్టు వాడి చేతిలో పడింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ కిటికీలో వాడొక్కడే ఉన్నాడు. అత్త కోసి ఇచ్చిన ఫ్రేము ఎలా ఉందో, అచ్చం అలాగే.

తర్వాత నర్సరీ ఆమెకు ఫోన్ చేశాను. "వచ్చినాడమ్మా, మట్టి కలపతా ఉండాడు" అంది. వాడు అత్త కోసం వెళ్ళాడో, ఆ నిశ్శబ్దం భరించలేక వెళ్ళాడో నాకు తెలియదు. అడిగాను. చెప్పలేదు. గమ్మున కాచుకుంటాను.

అత్త కూతురు నన్ను పిలిచి కెమెరాను సంచితో సహా ఇచ్చింది. అమ్మ ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. సోమవారం నేను తిరుపతి కేంద్రంలో చేరుతున్నాను. సంచి నా భుజాన ఉంటుంది. పుత్తూరు బస్సులో తమ్ముడి పక్క సీటు ఖాళీగా ఉంటుంది.